బ్రెజిల్ పాటలు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? మీ అనుభవాలు చెప్పండి

గోదారిగట్టు:
రెండు వారాలుగా ఒకే పాట పట్టుకుని తిరుగుతున్నాను. ఆఫీసు క్యాబ్‌లో ఎవరో పెట్టిన ప్లేలిస్టులో "ఆగ్వస్ జీ మార్సో" వచ్చింది, 1974లో గాయని ఎలీస్ రెజీనా, సంగీతకర్త టోమ్ జోబిమ్ కలిసి పాడినది. పోర్చుగీసు ఒక్క ముక్క రాదు నాకు. అయినా పాట చివరికి వచ్చేసరికి వాళ్లిద్దరూ మాటల మొదటి అక్షరాలు ఎగరగొట్టి, ఒకరి తర్వాత ఒకరు మాట తోకలు మాత్రమే అందుకుంటూ పాడతారు చూడండి, చిన్నప్పుడు మేం మేడ మీద ఆడుకున్న మాటలాట గుర్తొచ్చింది. ఆవిడ నవ్వు కూడా రికార్డులో వినిపిస్తుంది. దీని అర్థం ఏమిటి, దీని తర్వాత ఏం వినాలి, తెలిసినవాళ్లు చెప్పండి.

సావోపాలో_తెలుగు:
ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చి ఏడేళ్లయింది, నాకు తెలిసినంత చెబుతా. పాట పేరుకి "మార్చి నీళ్లు" అని అర్థం. మనకు మార్చి అంటే ఎండలు మొదలు, ఇక్కడ అది వేసవి చివర, వానలు కుమ్మేసే నెల. జోబిమ్ 1972లో రాశాడు. పాటంతా "అది కర్ర, అది రాయి, అది దారి చివర" అంటూ వరదలో కొట్టుకొచ్చే వస్తువుల్లా ఒక్కొక్కటీ వచ్చి పోతుంటాయి, కథేమీ ఉండదు. మొదటిసారి మార్చిలో మా వీధి కాలవలా పారుతుంటే బాల్కనీలో నిలబడి చూశాను, కొమ్మలు, చెప్పు, ప్లాస్టిక్ సీసా వరసగా వెళ్తున్నాయి, పాట అప్పుడు అర్థమైంది.

ఇంకో మాట. బయటి దేశాలవాళ్లకి బ్రెజిల్ అంటే బోసా నోవా, అదే జోబిమ్ తరహా మెత్తటి గిటార్ పాటలు. ఇక్కడ బస్సుల్లో, దాబాల్లాంటి చిన్న హోటళ్లలో ఎక్కువగా మోగేది సెర్తనేజో, పల్లెటూరి గిటార్ పాటల నుంచి పుట్టిన ప్రేమ పాటలు. వాటిని పాడే మరీలియా మెండోన్సా 2021 నవంబరు 5న విమాన ప్రమాదంలో పోయింది, 26 ఏళ్లే. సోమవారం ఆఫీసుకి వెళ్తే మా టీమ్‌లో ఇద్దరు అమ్మాయిలు కళ్లు వాచేలా ఏడ్చి వచ్చారు. మోసపోయిన ఆడదాని వైపు నుంచి, ఎవరినీ బతిమాలకుండా పాడింది ఆమె. వినకుండా వదిలేయొద్దు.

కంజీర_ప్రియ:
మృదంగం, కంజీర నేర్చుకున్నదాన్ని కాబట్టి నేను తాళం వైపు నుంచి వెళ్లాను. సాంబాలో సుర్దో అనే పెద్ద డోలు ఉంటుంది, దాని బరువైన దెబ్బ రెండో మాత్ర మీద పడుతుంది. మనకి సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, బరువు అలవాటు కదా, మొదట్లో చెయ్యి తప్పుతూనే ఉంటుంది. ఒక వారం పాటు వేరే ఏమీ వినకుండా ఆ ఒక్క డోలు మీదే చెవి పెట్టండి. పాండెయ్‌రో మన కంజీరకి చుట్టంలా ఉంటుంది, కాకపోతే చుట్టూ బిళ్లలు ఎక్కువ. ఇక కుయీకా అని ఒకటి, నవ్వినట్టు, ఏడ్చినట్టు కీచుమంటుంది. దాన్ని కొట్టరు. చర్మానికి లోపలి వైపు ఒక సన్నని పుల్ల కట్టి ఉంటుంది, తడిగుడ్డతో ఆ పుల్లని రుద్దుతారు, రెండో చేత్తో పైన చర్మం నొక్కితే స్వరం మారుతుంది.

ఇదంతా చెవికి పట్టాక జోవావ్ జిల్బెర్తో 1958లో పాడిన "షెగా జీ సౌదాజీ" వినండి. అంత డోలు గోలనీ ఒక్క గిటార్‌లోకి కుదించేశాడు. బొటనవేలు సుర్దో పని చేస్తుంది, మిగతా వేళ్లు చిన్న డప్పుల పని. గొంతు మాత్రం పక్కన కూర్చుని చెవిలో చెప్పినట్టు.

విశాఖ_అల:
నాకైతే బోసా నోవా వింటే నిద్ర వస్తుంది అండీ, నిజం చెప్తున్నా. నన్ను లాగింది జోర్జీ బెన్ అనే గాయకుడు. 1972లో "తాజ్ మహల్" అని పాటే చేశాడు, షాజహాన్ ప్రేమ మీద. అక్కడి నుంచి బ్రెజిల్‌లోని సల్వదోర్ ఊరి పాటల వైపు వెళ్లాను. ఆ ఊళ్లో 1949లో ఓడరేవు కూలీలు కార్నివాల్ బృందం ఒకటి పెట్టి, దానికి "ఫిల్యోస్ జీ గాంధీ", అంటే గాంధీ బిడ్డలు అని పేరు పెట్టుకున్నారు. అంతకు ముందు ఏడాదే గాంధీగారు పోయారు. ఈరోజుకీ తెల్ల తలపాగాలు, నీలం-తెలుపు పూసల దండలతో వేలమంది నడుస్తారు. జిల్బెర్తో జిల్ అనే గాయకుడు వాళ్ల మీద పాట కట్టాడు. పోర్టు కాలనీలో పెరిగినవాణ్ణి, హమాలీలు అలాంటి పని చేశారంటే ఛాతీ ఉప్పొంగింది.

పాలమూరు_బిడ్డ:
నాది వేరే దారి. మా నాయిన పద్నాలుగేళ్లు బొంబాయిలో, పుణెలో బిల్డింగ్ పనులకు పోయిండు. ఏడాదికి రెండు నెలలు ఇంటికాడ, మిగతాదంతా అక్కడ. రెండేళ్ల కింద "ఆజా బ్రాంకా" పాటకు అనువాదం చదివి ఆ రాత్రి నిద్రపోలేదు. లుయీజ్ గొంజాగా 1947లో పాడిండు, రాసింది ఆయన, ఉంబెర్తో తెషేరా కలిసి. బ్రెజిల్ ఈశాన్యంలో సెర్తావ్ అనే కరువు నేల ఉంది, ఆ నేల పాట. భూమి మంటలెక్క మండుతుంది, నీళ్లు లేక పశువులు చచ్చినయి, గుర్రం దాహంతో పోయింది, చివరికి తెల్లరెక్కల పావురం కూడా ఊరు విడిచిపోయింది. అప్పుడు అతను రోజీన్యా అనే పిల్లకు చెప్పి బయలుదేరుతడు. నీ కళ్లలోని పచ్చదనం చేన్ల మీద పరుచుకున్ననాడు తిరిగొస్తా, ఏడవకు అంటడు. అకార్డియన్, ఒక డోలు, ఒక ఇనుప త్రికోణం, అంతే వాయిద్యాలు.

దాని తర్వాత షీకో బువార్కే అనే గాయకుడి 1971 పాట "కోన్స్‌త్రుసావ్" విన్న. ఒక కట్టడం కూలీ చివరి రోజు. ఇంట్లో భార్యను ముద్దు పెట్టుకుంటడు, కట్టడం ఎక్కుతడు, అన్నం తింటడు, పైనుంచి పడతడు, ట్రాఫిక్‌కు అడ్డమై సచ్చిపోతడు. అదే కథ మళ్లీ మొదలైతది, ఈసారి పాదాల చివరి మాటలు అటువి ఇటు మారుతయి. ఆ చివరి మాటలన్నీ ఒకే తీరువి, చివరి నుంచి మూడో అక్షరం మీద ఊత పడేటివి. ఒక్కొక్కటి ఇటుక పెట్టినట్టే ఉంటది. బాండు శబ్దం పెరుగుకుంట పోతది. మా ఊరోళ్లు ఇద్దరు అట్ల పడి పోయిండ్రు, అందుకే ఈ పాట ఒక్కసారి కన్నా ఎక్కువ వినలేకపోతున్న.

నిశి_లైబ్రరీ:
పాలమూరు అన్నా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. షీకో గురించి ఒకటి కలుపుతా. "కాలిసీ" అని పాట ఉంది, 1973లో షీకో, జిల్ కలిసి రాసింది. ఆటో అనువాదం "పానపాత్ర" అని చూపించింది, నేను భక్తి పాట అనుకుని వదిలేశాను. ఈ గిన్నె నా దగ్గర నుంచి తొలగించు తండ్రీ అని గెత్సేమనే తోటలో యేసు ప్రార్థించిన మాటే పల్లవి. కానీ అదే ఉచ్చారణతో "నోరు ముయ్యి" అనే అర్థం కూడా వస్తుంది. అప్పుడు సైనిక ప్రభుత్వం. ఆ ఏడాది ఇద్దరూ వేదిక మీద పాడబోతే మైకులు ఆపేశారు. రికార్డుగా 1978లో గానీ రాలేదు. రాజకీయం తెలియకుండా పాట ఆనందించొచ్చు అనేవాళ్లున్నారు, ఈ పాట విషయంలో నేను ఒప్పుకోను.

గోదారిగట్టు:
ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. కొత్తవాళ్లలో ఎవరు? లిరిక్స్ ఎలా వెతుకుతున్నారు?

సావోపాలో_తెలుగు:
పాట పేరు పక్కన "లెత్రా" అని కొట్టండి, సాహిత్యం అని అర్థం, వెంటనే దొరుకుతుంది. కొత్తవాళ్లలో ముందు ర్యాపర్ ఎమిసీడా, 2019 పాట "అమరేలో". "పోయినేడు చచ్చాను, ఈ ఏడు మాత్రం చావను" అనే ముక్క పాతతరం గాయకుడు బెల్కియోర్ 1976 పాటలోది, దాన్ని అలాగే తెచ్చి ర్యాప్ మధ్యలో కూర్చాడు, ఒకే దెబ్బకి పాతా కొత్తా రెండూ దొరుకుతాయి. గాయని లినికెర్ 2024 ఆల్బమ్ "కజూ" కూడా. కొత్తావిడ కాదు గానీ, గాయని ఎల్జా సోఆరెస్ మొదట్లో రేడియో పోటీకి వెళ్తే, ఏ గ్రహం నుంచి వచ్చావమ్మా అని అడిగారట, ఆకలి గ్రహం నుంచి అందట. ఆమె ఎనభై దాటాక 2015లో చేసిన ఆల్బమ్ వినండి, గొంతు గరుకుగా, భయం లేకుండా ఉంటుంది.

పాలమూరు_బిడ్డ:
నిన్న మా నాయినకు ఫోన్‌లో "ఆజా బ్రాంకా" వినిపించి, అర్థం చెప్పిన. కండ్లు మూసుకుని విన్నడు. అయిపోయినంక ఒక్కటే అడిగిండు, "ఆ పిలగాడు మళ్ల ఊరికి పోయిండా?" అని. నాకు జవాబు రాలే.

సావోపాలో_తెలుగు:
పోయాడు అన్నా. గొంజాగాదే 1950లో ఇంకో పాట ఉంది, "ఆ వోల్తా ద ఆజా బ్రాంకా", తెల్లరెక్కల పిట్ట తిరిగిరావడం. సెర్తావ్‌లో ఉరుములు, వాన పడుతుంది, పిట్ట వెనక్కి ఎగురుతుంది, అతనూ ఊరికి బయలుదేరతాడు.

పాలమూరు_బిడ్డ:
ఇప్పుడే ఇంటికి ఫోన్ చేస్తున్న.