"ఆచార్యానీ"నా, "ఆచార్యాణీ"నా? ఒక మమ్మీ బొమ్మ మీది మాటకు తెలుగు కావాలి

సుభద్ర (రాజమండ్రి):
అందరికీ నమస్కారం. వారం రోజులుగా ఒక శ్లోకం ముక్క బుర్రలో తిరుగుతోంది, పూర్తిగా పట్టు దొరకడం లేదు. చిన్నప్పుడు తాతయ్య అమరం (అమరసింహుడి సంస్కృత పర్యాయపదాల నిఘంటువు) వల్లె వేయించేవారు. మనుష్యవర్గంలో "ఉపాధ్యాయాప్యుపాధ్యాయీ" అని ఒకటి వస్తుంది, ఆ వెంటనే "ఆచార్యాణీ తు" అని ఇంకొకటి. రెంటికీ మధ్య ఏముందో గుర్తు లేదు. తాతయ్య పలికింది "ణీ"నా, "నీ"నా అన్నది కూడా ఇప్పుడు సందేహంగానే ఉంది.

అసలు పని ఇదీ. మా బడి గోడపత్రికకు రోమన్ల కాలపు ఈజిప్టు సమాధుల మీద ఒక పేజీ రాస్తున్నాను. 1911లో పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పీట్రీ ఫయూం ప్రాంతంలోని హవారాలో తవ్వినప్పుడు ఒక యువతి మమ్మీ దొరికింది. క్రీ.శ. 1వ శతాబ్దిది. ముఖం ఉండాల్సిన చోట ఆమె బొమ్మ, బొమ్మ మీదే గ్రీకులో రెండు మాటలు: "హెర్మియొనే గ్రమ్మతికే". మొదటిది పేరు. రెండోదానికి తెలుగులో ఒక్క మాట కావాలి. పీట్రీ దాన్ని పంతులమ్మ అనే అర్థంలోనే తీసుకున్నాడు. "ఉపాధ్యాయురాలు" అని రాస్తే చప్పగా ఉంది. గురువారం లోపు చెప్పండి.

భాస్కరం:
సుభద్ర గారూ, పాదం ఇదీ: "ఉపాధ్యాయాప్యుపాధ్యాయీ స్యాదాచార్యాపి చ స్వతః". తర్వాతది "ఆచార్యానీ తు పుంయోగే". ముమ్మాటికీ "నీ"యే. మీకు కావలసిన మాట "ఆచార్యా". "స్వతః" అన్నాడు చూడండి, తన చదువుతో తాను గురువైనది. ఆచార్యాని అంటే ఆచార్యుడి భార్య. ఆ బొమ్మ మీద భర్త పేరు లేదు కదా, కనుక స్వతః.

వెంకటరమణ (నెల్లూరు):
భాస్కరం గారూ, అంత గట్టిగా ఎలా అంటారు? ముందు రేఫ ఉంది. మధ్యలో యకారం, ఆకారం ణత్వానికి, అంటే "న" "ణ"గా మారడానికి, అడ్డు కావు. ఇంద్రాణి, రుద్రాణి, శర్వాణి అన్నిటికీ వచ్చిన "ణ" దీనికి మాత్రం ఎందుకు రాదు? పాణిని సూత్రంలోనే "మాతులాచార్యాణామానుక్" అని ణకారం కనబడుతోంది. మా నాన్నగారు జీవితాంతం "ఆచార్యాణి" అనే రాశారు, ఆయన శిరోమణి చదివినవారు.

భాస్కరం:
సూత్రంలో మీరు చూసినది షష్ఠీ బహువచనం. అక్కడ ణత్వం వస్తుంది, కాదనను. స్త్రీప్రత్యయం చేరినప్పుడు మాత్రం రాదని కాత్యాయనుడు పాణిని సూత్రానికి ప్రత్యేకంగా వార్తికం (అనుబంధ నియమం) పెట్టాడు: "ఆచార్యాదణత్వం చ". మీలాగే అందరూ "ణి" అంటారని తెలిసే పెట్టాడనుకుంటాను. మీ నాన్నగారి మీద నాకూ గౌరవమే.

రజిత (వరంగల్):
మీరిద్దరూ ఆ సూత్రం చివరి మాట దగ్గరే ఆగిపోయారు. దాని ముందు ఏమున్నదో చదవండి: "యవయవనమాతులాచార్యాణామ్". యవన, అంటే గ్రీకువాళ్ళు! దాని మీద వార్తికం "యవనాల్లిప్యామ్". యవనాని అంటే యవనుడి భార్య కాదు, యవనుల లిపి. అంటే సుభద్రక్క అడిగిన బొమ్మ మీద రాత ఉన్నది యవనానిలోనే, రాసిన మాట గురువమ్మకు సంబంధించినది. రెండూ పాణిని ఒకే సూత్రంలో పక్కపక్కన పెట్టుకున్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. "గ్రమ్మ" అంటే అక్షరం, దాని నుంచే గ్రమ్మతికే. లిపి ఆడమాట అయింది, లిపి తెలిసినామె కూడా అక్కడే కనిపిస్తున్నది.

వెంకటరమణ:
యవనాని సంగతి బాగుంది, ఒప్పుకుంటాను. ణత్వం సంగతి ఇంకా తేలలేదు. తెలుగులో మాట స్థిరపడ్డాక కాత్యాయనుడి అనుమతి అక్కర్లేదు.

అనసూయ (హైదరాబాద్):
అసలు ప్రశ్నకు వద్దాం. గ్రమ్మతికే అంటే పంతులమ్మే కానక్కర్లేదు. రోమన్ల ఏలుబడిలో ఈజిప్టులో రాసిన పపైరస్ పత్రాలు చూస్తే, సంతకం పెట్టలేనివాడి తరఫున ఇంకొకడు రాసి, "ఇతనికి అక్షరాలు తెలియవు గనుక నేను రాశాను" అని చేర్చడం మామూలు. మన దస్తావేజుల్లో "నిశాని" ఉన్నట్టే. అంతమంది అక్షరాలు రానివాళ్ళున్న చోట, అక్షరాలు వచ్చిన ఆడపిల్ల అంటే అదే పెద్ద విశేషం. కాబట్టి "అక్షరాస్యురాలు" అనే నా ఓటు. ధాతువుకు ధాతువు సరిపోతుంది.

సుభద్ర:
అనసూయ గారూ, "అక్షరాస్యురాలు" జనాభా లెక్కల మాట అయిపోయిందండీ. సమాధిలోకి వెళ్ళే పిల్ల బొమ్మ మీద "ఈమెకు చదవడం రాయడం వచ్చు" అని రాస్తారా? పైగా ఆ కాలానికి గ్రమ్మతికోస్ అంటే కావ్యాలు చెప్పే గురువు. ఓనమాలు దిద్దించేవాడికి గ్రమ్మతిస్తేస్ అని వేరే మాట ఉంది.

అనసూయ:
రాస్తారు. ఎందుకు రాయరు? కన్నవాళ్ళు రాయించి ఉంటే తప్పకుండా రాస్తారు. మా ఇంట్లో మా పెద్దమ్మ ఫోటో కింద పేరు, తేదీలతో పాటు "హయ్యర్ గ్రేడ్ ప్యాసు" అని ఉంటుంది. ఆమె ఒక్కరోజు కూడా ఉద్యోగం చేయలేదు. ఆ మూడు మాటలు మా తాతయ్య తన చేత్తో రాసినవి.

శ్రీధర్ (ప్రస్తుతం మిలాన్):
ఆలస్యంగా వచ్చాను. పోయిన చలికాలం నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఒక బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాను. పాంపేలో ఒక ఇంటి గోడ మీద వేసింది. ఆ ముక్కను 1760లో గోడ నుంచి కోసి తీశారు. గుండ్రని పళ్ళెం లాంటి చట్రంలో ఒక యువతి. ఎడమ చేతిలో మైనం పూసిన పలకల దొంతి, కుడి చేతిలో గంటం. గంటం మొన పెదవికి ఆనించి, ఏదో మాట కోసం వెతుకుతున్నట్టు మన వైపే చూస్తుంటుంది. జుట్టు మీద బంగారు వల. "సాఫో" అని పేరు పెట్టారు గానీ, ఆ గ్రీకు కవయిత్రి అని చెప్పే ఆధారం బొమ్మలో ఏమీ లేదు. ఉన్నవాళ్ళ ఇళ్ళలో అలా చదువుకున్నట్టు బొమ్మ వేయించుకోవడం ఒక మర్యాద. అందుకే నేను అనసూయ గారి పక్షం. గ్రమ్మతికే కూడా ఆ మర్యాద మాటే కావచ్చు.

భాస్కరం:
శ్రీధర్ గారూ, మైనం పలక మీద గీసేదాన్ని గంటం అనవచ్చా? గంటం తాటాకుది. ఆకును కోస్తుంది. మైనం పలక మీదిది తిరగేస్తే రెండో కొస చదునుగా ఉండి రాసినది చెరిపేస్తుంది. మన గంటానికి ఆ పని లేదు, తాటాకు మీద తప్పు రాస్తే రాసిందే.

శ్రీధర్:
నిజమే. అయినా చూడగానే నాకు నోట్లోకి వచ్చిన మాట గంటమే. మార్చను.

రజిత:
హవారాలోనే ఇంకొకామె ఉన్నది, ఆమెను మరిచిపోయిన్రు. 1888లో పీట్రీ అక్కడే తవ్వినప్పుడు ఒక స్త్రీ మమ్మీ తల కింద పపైరస్ చుట్ట దొరికింది. విప్పితే హోమరు ఇలియడ్ రెండో కాండ! ఇప్పుడది ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నది. ఆమె ముఖానికి బొమ్మ లేదు, పేరు లేదు, బిరుదు లేదు. తల కింద పుస్తకం ఉన్నది. హెర్మియొనేకు పేరూ మాటా ఉన్నయి, పుస్తకం లేదు. ఈ ఇద్దరిలో ఎవరు గ్రమ్మతికే అంటే నేను చెప్పలేను.

వెంకటరమణ:
రజితమ్మా, దీనికి మన మొల్ల కంటే మంచి ఉదాహరణ లేదు. సంధులు తెలియవు, సమాసాలు తెలియవు, విభక్తులు, ధాతువులు, నిఘంటువులు ఏవీ ఎరుగనంటూ సీసం నిండా జాబితా వేసింది. అంతా చెప్పి చివర "శ్రీకంఠమల్లేశు వరముచేత" కవిత్వం నేర్చుకున్నానంది. ఆ జాబితా చూడండి. గ్రీకువాళ్ళు గ్రమ్మతికే అనే శాస్త్రంలో ఏమేం చెప్పేవారో చాలావరకు అందులో ఉంది. ఏదీ రాదంటూనే పేరుపేరునా వరస తప్పకుండా, గణాలు తప్పకుండా చెప్పగలిగింది. ఆమె బొమ్మ ఎవరైనా వేసి ఉంటే పక్కన ఏం రాయాలి? మా నెల్లూరు సీమ గోపవరం బిడ్డ కదా, నేనైతే "ఒజ్జ" అని రాస్తాను. ఉపాధ్యాయ శబ్దం ప్రాకృతంలో నలిగి మనకు వచ్చిన మాట.

అనసూయ:
గోపవరం నెల్లూరు సీమది అని ఎవరు తేల్చారు? మా అమ్మగారిది కడప జిల్లా. అక్కడ ఈ మాట అంటే ఊరుకోరు.

వెంకటరమణ:
అది వేరే దారంలో మాట్లాడుకుందామమ్మా. అక్కడ నాకు చెప్పాల్సింది చాలా ఉంది.

భాస్కరం:
"ఒజ్జ" మంచి మాటే గానీ ఆడమనిషికి వాడిన ప్రయోగం చూపించండి, ఒప్పుకుంటాను.

ఇంకొక సంగతి. ఇలాంటి రాతల్లో అక్షరం మీద మరీ నమ్మకం పెట్టుకోకూడదు. బ్రిటిష్ మ్యూజియంలో ఆర్తెమిదోరోస్ మమ్మీ ఉంది. అదీ హవారాదే, 2వ శతాబ్ది మొదట్లోది. ఎర్రటి గచ్చు పెట్టె మీద బంగారు బొమ్మలు, పైన ముఖం. ఛాతీ మీద "ఆర్తెమిదోరా, ధైర్యంగా ఉండు" అని వీడ్కోలు. అందులో "ఎవ్‌ప్సుఖెఇ" అని ఉండాల్సిన మాట చివర రెండక్షరాల "ఎఇ" పోయి ఒట్టి "ఇ" రాశాడు. పలుకుబడిలో అప్పటికే రెండూ ఒకటైపోయాయి. మనం ఱ, ర కలిపేసినట్టే. బంగారం పూయించగలిగిన ఇంట్లో కూడా వర్ణక్రమం జారింది. రాసినవాడి చెవి పట్టుబడేది ఇలాంటి చోటే. ఆ తప్పు నాకు ఆ బంగారం కంటే విలువైనది.

వెంకటరమణ:
అంటే వాడుకలో పలికినట్టు రాస్తే విలువైనదంటున్నారు. మరి మా నాన్నగారి "ణి"?

భాస్కరం:
అది అమరసింహుడి మాట వెంకటరమణ గారూ, ఆయన "నీ" అన్నాడు. మీ నాన్నగారి ఉత్తరాల్లో "ణి" ఉంటే దిద్దమని నేను అనను.

రజిత:
హెర్మియొనే ఇప్పుడు ఎక్కడున్నదో సుభద్రక్క రాయలేదు. కేంబ్రిడ్జ్‌లోని గిర్టన్ కాలేజీలో ఉన్నది. 1869లో ఆడవాళ్ళ కోసమే పెట్టిన కాలేజీ. ఆ గ్రమ్మతికే అన్న మాట వల్లే ఆమె అక్కడికి చేరింది. అప్పుడు అక్కడ చదివే ఆడపిల్లలకు పరీక్షలు రాయనిచ్చేవాళ్ళు గానీ డిగ్రీ ఇచ్చేవాళ్ళు కాదు. 1921లో పేరుకు మాత్రం డిగ్రీ బిరుదు ఇచ్చి, విశ్వవిద్యాలయంలో హక్కులు ఇవ్వలేదు. పూర్తి డిగ్రీ 1948లో. అంటే ఆ భవనంలో 30 ఏళ్ళకు పైగా, పేరు పక్కన చదువు మాట రాసి ఉన్న మనిషి ఈమె. చదివి కూడా ఆ మాట రాసుకునే వీలు లేని పిల్లలు ఆ చుట్టుపక్కల్నే తిరిగిన్రు. అందుకే నేను "ఆచార్యా" వైపు. అక్షరాస్యురాలు అంటే ఆమె దగ్గరున్నది కొంత తీసేసుకున్నట్టు అనిపిస్తున్నది.

అనసూయ:
నేను తీసేసుకోవడం లేదు రజితా. అక్షరం వచ్చినామె అన్నది చిన్నమాట అని నేను అనుకోను, అంతే. మా పెద్దమ్మ ఫోటో చూసి పెరిగినదాన్ని.

శ్రీధర్:
"విదుషి" అంటే ఎలా ఉంటుంది? పంతులమ్మ అయినా సరిపోతుంది, ఉత్తినే చదువుకున్నదైనా సరిపోతుంది.

భాస్కరం:
విదుషి అనేసరికి ఇప్పుడు అందరికీ కచేరీ కరపత్రం గుర్తొస్తుంది. విద్వాంసురాలన్నా అదే గొడవ.

సుభద్ర:
అందరికీ ధన్యవాదాలు. గురువారం అయిపోయింది, పేజీ అంటించేశాను. అమ్మకు ఫోన్ చేసి అమరం ఆ పాదం తాతయ్య ఎలా చెప్పేవారో గుర్తుందా అని అడిగాను. అమ్మ ఆగకుండా రెండు పాదాలూ చెప్పేసింది, "నీ" అనే పలికింది. తాతయ్య పలికినట్టా, తను బడిలో నేర్చుకున్నట్టా అంటే తెలియదంది.

పేజీలో "హెర్మియొనే గ్రమ్మతికే" అని తెలుగు లిపిలో అలాగే రాసి, కింద కొంత ఖాళీ వదిలాను, మీకు తోచిన మాట రాయమని. మధ్యాహ్నానికి పెన్సిలుతో నాలుగు వచ్చాయి: టీచరమ్మ, మేడం, చదువులక్క, ఇంకొకటి సరిగ్గా చదవడానికి రాలేదు. ఏడో తరగతి పిల్ల ఒకతె "చదువులక్క" రాసింది. ఆ మాట ఎక్కడిదని అడిగితే, తన ఊళ్ళో ట్యూషన్ చెప్పే అక్కను అలాగే పిలుస్తారంది.

వెంకటరమణ:
"చదువులక్క" ఏ ఊరి మాట అమ్మా? ఆ పిల్లది ఏ ఊరో కనుక్కుని చెప్పండి. గోదావరి జిల్లాల్లో నేను ఎక్కడా వినలేదు.

భాస్కరం:
"చదువుల" అని బహువచనం ఎందుకు వచ్చిందో కూడా అడగండి. "చదువుల తల్లి"లో ఉన్నదేనా, వేరేనా?