మైకోసిస్ ఫంగాయిడిస్: యూవీబీనా, పూవానా?

ప్రశ్న: మైకోసిస్ ఫంగాయిడిస్, అంటే చర్మంలో మొదలయ్యే ఒక రకం లింఫోమా క్యాన్సర్, తొలి దశ, ఒంటి మీద పలచటి మచ్చలే, గడ్డలు లేవు. ఏ లైట్‌తో మొదలుపెడతారండీ? ఎండలో నిలబడితే చాలదా?

జవాబు 1: ఎండకి కొలత లేదండీ, వద్దు. పలచటి మచ్చలకు నారోబ్యాండ్ యూవీబీ (ఒక రకం అతినీలలోహిత కాంతి), 311 నానోమీటర్లు, వారానికి 2-3 సార్లు. చర్మం ఎర్రబడే కనీస మోతాదు చూసి, అందులో 50-70 శాతంతో మొదలు. ప్రతిసారీ 10-20 శాతం పెంపు. తర్వాతి సారికీ ఎరుపు తగ్గకపోతే పెంచరు, బొబ్బలొస్తే ఆపేస్తారు. దళసరి మచ్చల్లోకి ఈ కాంతి దిగదు. అప్పుడు పూవా, అంటే మందు మింగాక యూవీఏ అనే, ఇంకా లోతుకు దిగే అతినీలలోహిత కాంతి పెట్టడం.

జవాబు 2: పూవాలో మెథాక్సాలెన్ (చర్మం కాంతికి స్పందించేలా చేసే మందు) ఒంటి బరువులో కిలోకి సుమారు 0.6 మిల్లీగ్రాములు, లైట్‌కి గంటన్నర, రెండు గంటల ముందు. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం ఎక్కువ. మందు వేసుకున్నప్పటి నుంచి 24 గంటలు యూవీని ఆపే కళ్లజోడు తీయకూడదు, కిటికీ పక్కన కూర్చున్నా సరే. యూవీఏ మామూలు గాజును దాటుకొస్తుంది మరి!

జవాబు 3: గజ్జలు, చంకలు, రొమ్ముల కింద, జుట్టు చాటున వెలుగు పడదు. మొండి మచ్చలు మిగిలేది అక్కడే. చేతులెత్తి నిలబడమనేది అందుకే. మగవాళ్లు జననాంగాలు కప్పుకోవాలి. ఇంకోటి, ఒళ్లు తేటపడగానే మానేయకండి. డాక్టరు చెప్పినట్టు మెల్లగా ఎడం పెంచుతూ తగ్గించాలి.