ట్రౌట్ నీళ్ల నుంచి కర్నూలుకు: ఇక్కడ గాలం ఎక్కడ వేయాలి, దేనికి వేయాలి?

తీర్థన్_టు_తుంగభద్ర

నమస్తే అండి. సోలార్ ప్లాంటులో ఉద్యోగం వచ్చి హిమాచల్ నుంచి ఓర్వకల్లు దగ్గరికి మారాను. అక్కడ తీర్థన్ నదిలో ట్రౌట్‌కు గాలం వేసే అలవాటు. నా దగ్గర 6 అడుగుల అల్ట్రాలైట్ రాడ్, 2000 సైజు రీలు, 4 పౌండ్ల తంగూసు, 2, 3 నంబరు స్పిన్నర్లు (లాగితే గిర్రున తిరిగే రేకు ఎరలు) ఉన్నాయి. 5 వెయిట్ ఫ్లై రాడ్ (పురుగులా కట్టిన తేలిక ఎరను విసిరేది) కూడా ఉంది.

నల్లమల వాగుల్లో వానాకాలంలోనైనా ట్రౌట్ ఉంటుందా? లేకపోతే అన్నిటికంటే దగ్గర ఎక్కడ? ట్రౌట్ సంగతి వదిలేస్తే, కర్నూలు నుంచి గంట, గంటన్నర దూరంలో పారే నీటిలో గానీ చెరువులో గానీ ఉత్తుత్తి ఎరకు ఎగబడే చేప ఏది? సెలవు ఆదివారం ఒక్కటే. అనుమతులు ఎవరిని అడగాలో కూడా చెప్పండి.

గట్టుమీద

ట్రౌట్ ఉండదన్నా. ఏ కాలంలోనూ ఉండదు. ట్రౌట్‌కు 10 నుంచి 18 డిగ్రీల నీళ్లు కావాలి. 20 దాటితే మేత మానేస్తుంది, 25 దగ్గరికి వస్తే చచ్చిపోతుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 10 డిగ్రీల నీటిలో లీటరుకు 11 మిల్లీగ్రాములు పట్టేది 30 డిగ్రీల్లో ఏడున్నరకు పడిపోతుంది. వేడిలో చేపకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, నీటిలోనేమో తక్కువ ఉంటుంది. మన తుంగభద్రలో ఎండాకాలం నీళ్లు 30 పైనే ఉంటాయి.

నల్లమల మాట పూర్తిగా మర్చిపోండి. అది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. లోపలి వాగుల్లో గాలం పట్టుకుని కనిపించినా వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు అవుతుంది. ఊరివాళ్లు ఎవరైనా "నేను తీసుకుపోతా" అన్నా వెళ్లొద్దు.

దగ్గరలో ట్రౌట్ అంటే నీలగిరులే. ఊటీ దగ్గర అవలాంచిలో బ్రిటిష్ కాలం నుంచీ ట్రౌట్ పిల్లల కేంద్రం ఉంది. బెంగళూరు మీదుగా 600 కిలోమీటర్లు దాటుతుంది కాబట్టి ఒక్క ఆదివారంలో అయ్యే పని కాదు. అక్కడ చాలా భాగం అటవీశాఖ చేతిలో ఉంది. తమిళనాడు మత్స్యశాఖకు ఫోన్ చేసి, అనుమతి ఇస్తారని ఖాయం చేసుకున్నాకే సెలవు పెట్టండి. హిమాచల్ వెనక్కి వెళ్లే పని పడితే గుర్తుంచుకోండి, నవంబరు నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా అక్కడ ట్రౌట్ వేట నిషేధం.

హంద్రీ_ఒడ్డు

మీరు అడిగిన "ఎగబడే చేప" మన దగ్గర కొర్రమీను. కొందరు కొర్రమట్ట అంటారు, మార్కెట్లో రెండు పేర్లూ వినపడతాయి. ట్రౌట్ పారే నీటిలో ఉంటే ఇది నిలిచిన నీటిలో, తూటికాడ, తామరాకు, గుర్రపుడెక్క మధ్య ఉంటుంది. ఎరను కళ్లతో చూసి వేటాడుతుంది కాబట్టి స్పిన్నర్ విసరడం వచ్చినవాళ్లకు తొందరగా పట్టుబడుతుంది. కానీ మీ సామాను చాలదు. 4 పౌండ్ల తంగూసుతో తగిలించుకుంటే చేప గడ్డిలోకి దూరుతుంది, తంగూసు తెగుతుంది, గాలం నోట్లోనే ఉండిపోతుంది. చేపకు అది నరకం. స్పిన్నర్‌కు ఉండే మూడు ముళ్ల గాలమైతే ప్రతి విసురుకూ గడ్డి పీకుతుంది.

కొనాల్సినవి: ఆరున్నర నుంచి 7 అడుగుల మీడియం హెవీ రాడ్, 3000 సైజు రీలు, 30 పౌండ్ల బ్రెయిడ్ (పోగులు అల్లిన) లైను. చివర ఒక మూర పొడవున 40 పౌండ్ల తంగూసు ముక్క కట్టాలి, పళ్లకు బ్రెయిడ్ కోసుకుపోకుండా. ఎరకు 5, 6 సెంటీమీటర్ల రబ్బరు కప్ప, బరువు 10 నుంచి 15 గ్రాములు. లోపల డొల్లగా ఉండి, రెండు ముళ్లు వీపుకు ఆనుకుని ఉండే రకం తీసుకోండి. గడ్డి మీద జారుతుంది గానీ తగులుకోదు. నిజం కప్పను గుచ్చే అలవాటు ఇక్కడ ఇంకా ఉంది. అది వద్దు, రబ్బరుదే చాలు.

కొత్త కప్ప చాలాసార్లు గట్టిగా ఉంటుంది. చేప నోట్లో నొక్కుకోకపోతే ముళ్లు బయటికి రావు, అందుకే "కొట్టింది గానీ పడలేదు" అంటుంటారు. వేడినీళ్లలో రెండు నిమిషాలు ముంచి మెత్తపరచండి. ముళ్లను పట్టకారుతో ఒక పిసరు పైకి, పక్కలకు వంచండి. కొన్ని విసుర్ల తర్వాత కప్పలోకి నీళ్లు చేరతాయి, అప్పుడది మునుగుతూ వస్తుంది. ఒత్తి నీళ్లు తీసేయడం మానొద్దు.

ఎక్కడ విసరాలంటే, కొర్రమీను గాలి పీల్చే చేప. కాసేపటికోసారి పైకి వచ్చి గుటక వేసి దిగుతుంది. ఆ చప్పుడు, ఆ వలయం కోసం గట్టు మీద పది నిమిషాలు కదలకుండా నిలబడండి. మీ నీడ నీళ్ల మీద పడకూడదు. చేప కనిపించిన చోటే నెత్తిన వేస్తే బెదిరిపోతుంది. ఒకటి రెండు మీటర్లు అవతల వేసి, ఆ చోటు మీదుగా లాక్కురండి. గడ్డి మధ్య నీటి గుంట వస్తే కప్పను అక్కడ ఆపి, మూడు దాకా లెక్కపెట్టి, రాడ్ కొస కొద్దిగా ఆడించండి. కొట్టేది సాధారణంగా అప్పుడే.

ట్రౌట్ అలవాటు ఉన్నవాళ్లందరికీ ఇబ్బంది వచ్చేది ఇక్కడే. నీళ్లు ఎగిసిపడగానే రాడ్ లేపేస్తారు, కప్ప ఖాళీగా వెనక్కి ఎగిరివస్తుంది. చప్పుడు విన్నాక రాడ్ కొస దించండి, లైను బిగుసుకునేదాకా ఆగండి, అప్పుడు గట్టిగా పైకి లాగి ఆపకుండా చుట్టండి. తల ఒకసారి గడ్డి పైకి వచ్చాక మళ్లీ లోపలికి తిప్పుకోనివ్వకూడదు. డ్రాగ్ (చేప లాగితే రీలు లైను వదిలే బిగువు) బాగా బిగించి ఉండాలి. తప్పిపోతే వెంటనే అదే చోట మళ్లీ వేయండి, చాలాసార్లు అక్కడే ఉంటుంది.

ఒక్క విషయం మాత్రం బతిమాలి చెబుతున్నా. వానలు మొదలయ్యాక నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు బుడబుడమంటూ తిరుగుతుంటే, కింద తల్లీతండ్రీ కాపలా ఉన్నాయని అర్థం. దేన్ని వేసినా కొడతాయి, పట్టడం చాలా తేలిక. పట్టారంటే ఆ పిల్లల్ని మిగతా చేపలు, కొంగలు ఆ పూటే తినేస్తాయి. ఆ గుంపు కనిపిస్తే గాలం చుట్టేసి ఇంకో గట్టుకు పోండి.

నందికొట్కూరు_రోడ్డు

తావులు నేను చెప్తా. పారే నీళ్లంటే సుంకేసుల బ్యారేజీ దిగువ. కర్నూలు నుంచి కారులో గంటలోపే. నవంబరు నుంచి జనవరి దాకా, గేట్లు మూసి నీళ్లు రాళ్ల సందుల్లో సన్నగా పారేటప్పుడు మంచి కాలం. మీకు తెలిసిన లెక్కే పనిచేస్తుంది. వేగంగా పోయే నీళ్లు, నిలకడ నీళ్లు కలిసే గీత మీద, బండ వెనక మడుగులో చూడండి. 10, 12 గ్రాముల స్పూను అనే రేకు ఎరకు జెల్ల, అదృష్టం బాగుంటే వాలుగ తగులుతాయి. మీ 3 నంబరు స్పిన్నర్ కూడా ఇక్కడ పనికొస్తుంది. మూడు ముళ్లది తీసి ఒంటి ముల్లు తగిలించి, 10 పౌండ్ల తంగూసు ఎక్కించుకోండి.

అయితే జాగ్రత్త చానా అవసరం. ఎగువ హోస్పేట డ్యాం నుంచి నీళ్లు వదిలితే ఇక్కడ గేట్లు లేస్తాయి, నది మధ్య బండ మీద ఉన్నవాడికి గట్టుకు రావడానికి టైం ఉండదు. వానాకాలంలో అసలు దిగొద్దు. తక్కిన కాలంలోనూ గట్టు పక్క బండలు దాటి పోవద్దు. గేట్లకు ఆనుకుని, వంతెన మీద నుంచి వేయడం కుదరదు. ఇసుక తీసిన చోట మోకాలి లోతు నీళ్లలో ఒక్కసారిగా మనిషి మునిగే గుంతలు ఉంటాయి. తుంగభద్రలో, కృష్ణలో మొసళ్లు కూడా ఉన్నాయి. హిమాచల్‌లో లాగా తొడ బూట్లు వేసుకుని నదిలోకి నడిచే పద్ధతి ఇక్కడ పెట్టుకోకండి.

కొర్రమీనుకు కేసీ (కర్నూలు-కడప) కాలువ ఆయకట్టు వంకలు, గడ్డి పట్టిన చెరువుల్లో తూము దగ్గర. కాలువకు నీళ్లు ఆపేసిన రోజుల్లో పడవల కాలం నాటి లాకుల కింద మడుగుల్లో చేప నిలబడుతుంది. కాలువ నిండుగా పారేటప్పుడు మాత్రం అంచు దగ్గరికి పోవద్దు, జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. గోనెగండ్ల దగ్గర గాజులదిన్నె, శ్రీశైలం వెనక జలాల వైపు ముచ్చుమర్రి, నెహ్రూనగర్ పెద్ద నీళ్లు. అక్కడ బొచ్చకు, రోహుకు వేయొచ్చు. ఊళ్లో హంద్రీలో మురుగు కలుస్తుంది, అక్కడ పట్టింది తినొద్దు.

అనుమతి సంగతి. ఊరి చెరువు ఎక్కువగా మత్స్యకారుల సహకార సంఘానికి లీజుకు ఇచ్చి ఉంటారు. చేపపిల్లలు వాళ్ల డబ్బుతో వదిలినవి. అడక్కుండా గాలం వేస్తే అది దొంగతనమే. సచివాలయంలో గ్రామ మత్స్య సహాయకుడిని అడిగితే చెరువు ఎవరిదో చెప్తాడు. సంఘం పెద్దను కలిసి "కొర్రమీనుకు మాత్రమే వేస్తాను, బొచ్చ పడితే వదిలేస్తాను" అంటే చానామంది ఒప్పుకుంటారు, కొందరు రోజుకింత అని తీసుకుంటారు. రిజర్వాయర్లలో పట్టడానికి మత్స్యశాఖ లైసెన్సు ఉండాలి. వానాకాలం మొదట్లో గుడ్ల కాలానికి వేట నిషేధం పెడతారు, ఆ ఏడాది తేదీలు కర్నూలు ఆఫీసులో కనుక్కోండి.

వెనక జలాల్లో అలివి వలలు లాగేవాళ్లు కనిపిస్తే దూరంగా ఉండండి. వేలెడు పిల్లను కూడా ఊడ్చేసే వల అది, నిషేధం ఉన్నా వేస్తారు. మత్స్యశాఖకు తెలియజేస్తే మేలు. వాళ్లతో మీరు గొడవకు దిగొద్దు.

బెండు_మునిగింది

బొచ్చ, రోహుకు పిండి చెప్పేస్తా, ఎండాకాలం కొర్రమీను దొరకనప్పుడు పనికొస్తుంది. వేరుశనగ చెక్క అరకిలో నానబెట్టి, తవుడు అరకిలో, జొన్నపిండి పావుకిలో, నిమ్మకాయంత బెల్లం కలిపి, గోధుమపిండి కొంచెం కొంచెం వేస్తూ పిసకాలి. ఉండ నీళ్లలో వేస్తే పది, పదిహేను నిమిషాల్లో విడిపోవాలి. గంటైనా గట్టిగా ఉంటే గోధుమపిండి ఎక్కువైనట్టు, చేప దగ్గరికి వాసన పోదు. పడీ పడకముందే పొడైపోతే తవుడు ఎక్కువైనట్టు.

లోతు ముఖ్యం. బొచ్చ పైనీళ్లలో మేస్తుంది, రోహు మధ్యలో, మ్రిగాల, బంగారుతీగ అడుగున. బెండు ఒకే చోట కట్టి రోజంతా కూర్చుంటే లాభం లేదు. అరగంటకోసారి ఒక జానెడు దించుతూ, లేపుతూ చూడండి. రోహు బెండును ముంచదు, అటూ ఇటూ జరుపుతుంది. పక్కకు జరగడం మొదలైనప్పుడే లాగాలి.

ఏప్రిల్, మే నెలల్లో చెరువు అడుగంటినప్పుడు పట్టి వదలడం మానేయండి. ఆ వేడి నీటిలో అలిసిన చేప కోలుకోదు. తినేటన్ని పట్టి ఆపేయండి.

తీర్థన్_టు_తుంగభద్ర

అందరికీ ధన్యవాదాలు. రాడ్, బ్రెయిడ్, కప్పలు ఈ వారమే తీసుకుంటాను. 5 వెయిట్ ఫ్లై రాడ్ అమ్మేయమంటారా? ఇంకొకటి, గాలం ముల్లు వెనక ఉండే ఎదురు ముల్లును నేను నొక్కేసే వాడుతాను. కొర్రమీనుకు అలా చేస్తే జారిపోతుందా?

హంద్రీ_ఒడ్డు

అమ్మొద్దు. జిలేబి చేపకు అది సరిగ్గా సరిపోతుంది. తిలాపియా అంటే మీకు తెలుస్తుంది. 12 నంబరు బరువు నింఫ్‌ను (నీటి పురుగులా కట్టిన ఎర) తూము పక్క లోతు తక్కువ చోట వేసి, నెమ్మదిగా, కాస్త లాగి కాస్త ఆపుతూ తెండి. పొద్దున 8 లోపు, సాయంత్రం 5 తర్వాత. మన నీటి చేప కాదు, చెరువుల్ని ఆక్రమిస్తోంది కాబట్టి పట్టింది తిరిగి వదలనక్కర్లేదు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పడినా నీళ్లలో వేయొద్దు, దాని పెంపకమే మన దేశంలో నిషేధం.

ఎదురు ముల్లు నొక్కేసినా కొర్రమీను పోదు, లైను వదులు కాకుండా చుట్టినంతసేపు. వదలాలనుకుంటే చేతులు తడిపి పట్టుకోండి, ఎండిన గట్టు మట్టి మీద పడేయకండి. గాలం తీయడానికి పొడవాటి పట్టకారు ఉంచుకోండి, వేలు పెడితే పళ్లు దిగుతాయి. వెళ్లే ముందు చెరువు పేరు ఇక్కడ రాయండి, ఏ సంఘం చేతిలో ఉందో ఎవరికైనా తెలిస్తే చెబుతారు.