షోకి 40 బళ్లు: ఇంజన్ మార్చిన ఫియట్లు కూడా లెక్కేనా?

క్లబ్_నిర్వహణ: వచ్చే నెల పాత కార్ల షోకి మన క్లబ్ నుంచి 40 బళ్లు తీసుకెళ్దామనుకుంటున్నాం. పోయినసారి 17 వచ్చాయి. పొద్దున 6కి నెక్లెస్ రోడ్డులో కలుద్దాం. డీజిల్ ఇంజన్ వేయించిన బళ్లు కూడా రావచ్చా అని కొందరు అడిగారు. మీ మాట చెప్పండి.

ఉత్తర్‌పారా_మార్క్2: రాకూడదు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రూల్స్ చదవండి. 50 ఏళ్లు దాటాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదు. అప్పుడే వింటేజ్ బళ్లకిచ్చే వీఏ సిరీస్ నంబరు ఇస్తారు.

స్టీరింగ్_గేరు: అన్నా, అది నంబరు ప్లేటు రూలు, షోకి కాదు. నా పద్మిని ఫియట్ 1978ది, 50 ఏళ్లు ఇంకా నిండనే లేదు. మన క్లబ్బులో మారుతీ 800లు ఆరున్నాయి. ఆ కారు మొదలైందే 1983లో. వాటినీ ఆపేస్తారా?

ఉత్తర్‌పారా_మార్క్2: వయసు వదిలెయ్ తమ్ముడూ. ఇంజన్ సంగతి చెప్పు.

స్టీరింగ్_గేరు: వయసు తెచ్చింది మీరే.

ఎనిమిదొందలు: నాది 86 మోడల్. రమ్మంటారా, వద్దంటారా?

స్టీరింగ్_గేరు: ఇంజన్ సంగతే చెప్తా. అంబాసిడర్ తయారుచేసిన ఉత్తర్‌పారా కంపెనీ వాళ్లే తొంభైల్లో దానికి జపాన్ ఇసుజు ఇంజన్ పెట్టి అమ్మారు. కంపెనీ మారిస్తే ఒరిజినల్, మా నాన్న మారిస్తే కల్తీనా? ఆయనది మిర్చి వ్యాపారం. వారానికి నాలుగుసార్లు గుంటూరు యార్డుకి తిరిగేవాడు. పెట్రోలు ఖర్చు తట్టుకోలేక 1991లో డీజిల్ వేయించాడు. అందుకే ఆ బండి ఇంకా మా ఇంట్లో ఉంది. లేకపోతే ఎప్పుడో తూకానికి పోయేది.

తడిగుడ్డ: అందరూ ఒకే వరసలో వద్దు. నెమ్మదిగా వెళ్తే పాత ఫ్యూయల్ పంపులు వేడెక్కి వేపర్ లాక్ అవుతుంది, అంటే పెట్రోలు ఆవిరై ఇంజన్‌కి అందదు. ఒకటి ఆగితే వెనకవన్నీ ఆగుతాయి. పదేసి చొప్పున వదలండి. పంపు మీద వేయడానికి తడిగుడ్డ, నీళ్ల సీసా అందరి దగ్గరా ఉండాలి.

ఉత్తర్‌పారా_మార్క్2: మీ నాన్నగారంటే నాకు గౌరవమే. కానీ నేను నా మార్క్2 అంబాసిడర్ ముందుండే గళ్ల గ్రిల్లు కోసం రెండేళ్లు తిరిగా. చివరికి ముంబయి చోర్ బజార్లో దొరికింది. ఆ కష్టానికి విలువ లేదా?

స్టీరింగ్_గేరు: ఉంది. పోయినసారి మీ బండి వేదిక ముందు పెట్టి, నాది బాత్రూముల పక్కన పెట్టించింది ఎవరు? మా అమ్మ గంటన్నర ఎండలో కూర్చుంది. ఒక్కరు వచ్చి చూడలేదు. ఇంటికొచ్చాక ఆ బండి అమ్మేయమంది. ఇప్పుడు రూల్స్ చెప్తున్నారు.

ఉత్తర్‌పారా_మార్క్2: అవును, నేనే పెట్టించా. దాచేదేముంది? మా అబ్బాయి నా బండిని ఇనుపసామాను అనేవాడు. ఆరోజు జనం మూగితే వాడే బానెట్ ఎత్తి అందరికీ వివరించాడు. 40 బళ్లొస్తే నాది ఎవరికి కనిపిస్తుంది? నాకు ఆ ముందు వరస కావాలి.

ఎనిమిదొందలు: ఈ మాట మొదటే అనాల్సింది అన్నా.

క్లబ్_నిర్వహణ: ఇంజన్ మార్చినవీ రావచ్చు. ఏ ఇంజనో కార్డు మీద రాసి అద్దం దగ్గర పెట్టాలి. చోటు మాత్రం వచ్చిన వరసలోనే.

ఉత్తర్‌పారా_మార్క్2: వచ్చిన వరస నేను ఒప్పుకోను.

స్టీరింగ్_గేరు: కార్డు రాస్తా. ఎప్పుడు మార్చారో, ఎందుకు మార్చారో, నాన్న పేరుతో సహా రాస్తా. నా బండి ఎక్కడ పెట్టినా సరే, అక్కడ అమ్మకి నీడ చూపించండి.