అపార్ట్‌మెంట్ వైఫై: ఒకే కంట్రోలర్ కిందకు తేవాలా, ఎవరి రూటర్ వారికే వదిలేయాలా?

మూడో_అంతస్తు
మాది 5 అంతస్తులు, 40 ఫ్లాట్ల భవనం. ఇంటికొక రూటర్ ఉంది. రాత్రి 8 దాటితే వీడియో కాల్ ఆగి ఆగి నడుస్తోంది. ఇళ్లలోని రూటర్లు తీసేసి, సంఘం తరఫున యాక్సెస్ పాయింట్లు (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు) బిగించి, అన్నిటినీ ఒకే కంట్రోలర్‌తో, అంటే వాటి ఛానళ్లనూ ప్రసార శక్తినీ ఒకచోట నుంచి నిర్ణయించే పరికరంతో, నడపాలని కార్యవర్గం ప్రతిపాదించింది. ఆదివారం సమావేశం ఉంది. మీ అభిప్రాయాలు చెప్పగలరు.

తరంగదైర్ఘ్యం
తప్పకుండా ఒప్పుకోండి. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్లో ఒకదానితో ఒకటి తగలని ఛానళ్లు (ప్రసార దారులు) 1, 6, 11 మాత్రమే. 40 రూటర్లను ఎంత సమంగా పంచినా ఒక్కో ఛానల్‌కు 13 లేదా 14 పడతాయి. ప్రతి రూటరూ ప్రసారానికి ముందు ఆ ఛానల్ ఖాళీగా ఉందో లేదో వింటుంది, పక్కింటి రూటర్ వినిపిస్తే ఆగుతుంది. కాబట్టి మీరు ఎంత పెద్ద ప్లాన్ కొన్నా, మీ రూటర్‌కు వినిపించే పొరుగువారందరితో కలిసి వంతులవారీగా వాడుకోవలసిందే.

పాత_కేబుల్
నా రూటర్‌లో ఆటో అనే సదుపాయం ఉంది, ఖాళీ ఛానల్‌ను అదే వెతుక్కుంటుంది. పైగా నేను 4వ ఛానల్‌కు మార్చి చూశాను, అక్కడ ఒక్క రూటర్ కూడా కనిపించలేదు. దీనికి కంట్రోలర్ ఎందుకండీ?

తరంగదైర్ఘ్యం
కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం జరుగుతుందో గమనించండి. రూటర్లన్నీ ఒకేసారి లేస్తాయి, ఒకేసారి వెతుకుతాయి. ఆ క్షణాన ఇంకా ఎవరూ ప్రసారం మొదలుపెట్టలేదు గనుక చాలావాటికి ఒకే ఛానల్ ఖాళీగా కనిపిస్తుంది. ఇక 4వ ఛానల్ సంగతి. ఛానళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్ అయితే ఒక్కో ప్రసారం దాదాపు 20 మెగాహెర్ట్జ్ వెడల్పు ఆక్రమిస్తుంది. అంటే మీరు 1నీ 6నీ రెండింటినీ తొక్కుతున్నారు. అదే ఛానల్‌లోని వైఫై ప్రసారమైతే మైనస్ 82 డీబీఎం వద్దనే గుర్తుపట్టి ఆగవచ్చు (డీబీఎం సిగ్నల్ బలానికి కొలత, సున్నాకు దగ్గరైనకొద్దీ బలం ఎక్కువ). సగం తగిలే ప్రసారం ఉత్త రొదలా వినిపిస్తుంది కాబట్టి మైనస్ 62 దాకా పెరిగితే తప్ప ఎవరూ ఆగరు, ఇద్దరి మాటా చెడుతుంది.

చిన్నచేప
అందరూ 5 గిగాహెర్ట్జ్‌కు మారితే సరిపోదా?

తరంగదైర్ఘ్యం
సగం సమస్య తీరుతుంది. మన దేశంలో 2018లో 5150–5350, 5470–5875 మెగాహెర్ట్జ్‌లను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు. 20 మెగాహెర్ట్జ్ చొప్పున 20కి పైగా ఛానళ్లు దొరుకుతాయి, ఆ సిగ్నల్ గోడలను అంత తేలికగా దాటదు కాబట్టి పొరుగువారికి తగలడమూ తక్కువే. కానీ ఇంటికి 80 మెగాహెర్ట్జ్ వెడల్పు చొప్పున పెట్టుకుంటే ఆ విశాలమంతా మళ్లీ ఇరుకైపోతుంది.

హాస్టల్_నెట్
కంట్రోలర్ అన్నిటికీ మందు కాదు. నేను చూసుకునే హాస్టల్‌లో అన్ని యాక్సెస్ పాయింట్లనూ పూర్తి శక్తితో వరండాల్లో పెట్టారు. ఫోన్ చేతిలో పట్టుకుని మెట్లెక్కి రెండో అంతస్తుకు వెళ్లాను. నెత్తిమీదే కొత్త యాక్సెస్ పాయింట్ ఉన్నా, ఫోన్ మైనస్ 78 డీబీఎం దగ్గర కింది అంతస్తుదాన్నే పట్టుకుని వేలాడింది. 802.11కె, 802.11వి అనే వైఫై ప్రమాణాల ద్వారా ఫలానా యాక్సెస్ పాయింట్‌కు మారమని ఫోన్‌కు మనం సూచన ఇవ్వగలమే గానీ, మారాలా వద్దా అన్నది ఫోన్ నిర్ణయమే. చివరికి శక్తి తగ్గించి, యాక్సెస్ పాయింట్లను గదుల్లోకి మార్చిన తర్వాతే కుదుటపడింది.

వేచిచూద్దాం
వైఫై 8 అనే కొత్త తరం ప్రమాణం వస్తే పక్కపక్క యాక్సెస్ పాయింట్లు తమలో తామే సమయాన్నీ శక్తినీ సర్దుకుంటాయట. అప్పటిదాకా ఆగితే మంచిది.

తరంగదైర్ఘ్యం
దానికి రెండు వైపులా ఆ పరికరాలే ఉండాలి, పైగా ఒకదాని మాట మరొకటి వినడానికి ఒప్పుకోవాలి. పాత_కేబుల్ గారిలా నా ఇష్టం అనేవారుంటే ఏ ప్రమాణమూ పనిచేయదు. మీ ఒక్క రూటర్ వల్ల రెండు ఛానళ్లవారు నష్టపోతున్నారని తెలిసి కూడా వాదించడం బాధ్యత అనిపించుకోదు.

పాత_కేబుల్
బాధ్యత గురించి నాకు చెప్పకండి. మేము ఇంతకుముందు ఉన్న భవనంలో సరిగ్గా మీరు చెప్పిన ఏర్పాటే ఉండేది. మా అమ్మాయి ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో నెట్ ఆగిపోయింది. కంట్రోలర్ ఉన్న గది తాళం కార్యదర్శి దగ్గర, కార్యదర్శి ఊళ్లో లేరు. అదీ భరించాను. తర్వాత నెలలో అదే కార్యదర్శి లిఫ్టు దగ్గర నన్ను ఆపి, మీ ఇంట్లో రాత్రి రెండింటిదాకా ఎవరు మేలుకుంటున్నారండీ అని అడిగారు. నా ఇంటి సంగతి ఆయనకెలా తెలిసింది? 4వ ఛానల్ వదిలేయమంటే ఈరోజే వదిలేస్తాను. రూటర్ మాత్రం ఇవ్వను.

తరంగదైర్ఘ్యం
ముందే ఈ మాట చెప్పి ఉంటే నేను అలా రాసేవాణ్ణి కాదు. క్షమించండి. ఛానల్, శక్తి ఒకచోట నుంచి నిర్ణయించడం వేరు, ఇంటి ట్రాఫిక్ ఒకరి చేతిగుండా వెళ్లడం వేరు. ఎవరి కనెక్షన్ వారు ఉంచుకుని, అంతస్తులవారీగా ఛానళ్లు కేటాయించుకోవచ్చు. అయితే అది మాట మీద నడిచే ఏర్పాటు, కొత్తగా అద్దెకు వచ్చిన ఒక్క కుటుంబం చాలు చెడడానికి. అందుకే నా మొగ్గు ఇప్పటికీ కంట్రోలర్ వైపే.

పాత_కేబుల్
అద్దెకు వచ్చినవారికి నచ్చజెప్పడం, కార్యదర్శి చేతిలోంచి తాళం తీసుకోవడం కంటే తేలిక.

మూడో_అంతస్తు
ఛానళ్ల కేటాయింపు, ఉమ్మడి కంట్రోలర్ రెండింటినీ వేర్వేరు తీర్మానాలుగా పెట్టమని కోరతాను. ఎవరు ఎప్పుడు నెట్ వాడారో చూపే లాగ్‌లు ఎవరు చూడవచ్చన్నది రెండో తీర్మానంలోనే రాయాలంటాను. ఈ రాత్రి అంతస్తు అంతస్తుకూ తిరిగి ఏ రూటర్ ఏ ఛానల్‌లో ఉందో రాసుకుంటాను.

హాస్టల్_నెట్
ఈసారి కరెంటు పోయి వచ్చాక కూడా ఒకసారి రాసుకోండి. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి సమావేశంలో చూపించండి.