పొడవైన దిగుడు దారిలో గేరు తగ్గించడం వల్ల ఇంజను దెబ్బతింటుందా?

ప్రశ్న: పొడవైన దిగుడులో బ్రేకు మీదే ఆధారపడకుండా గేరు తగ్గించమంటారు. దీనివల్ల ఇంజను, క్లచ్ పాడవవా?

జవాబు 1: పాడవవు. యాక్సిలరేటర్ వదలగానే పెట్రోలు ఇంజనులో థ్రాటిల్ (లోపలికి వెళ్లే గాలిని నియంత్రించే మూత) మూసుకుంటుంది, అప్పుడు గాలిని పీల్చుకోవడానికి సిలిండర్లు పడే శ్రమే చక్రాలను వెనక్కి పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో దిగితే ఆ సాయం పోయి, భారమంతా మోసిన బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతాయి.

జవాబు 2: చిన్న సవరణ. డీజిల్ ఇంజనులో థ్రాటిల్ నిరోధం అంతగా ఉండదు కనుకనే చాలా లారీలకు ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ బయటికి పోయే దారిని మూసి ఇంజను వేగాన్ని అణిచే ఏర్పాటు) విడిగా అమరుస్తారు. గేర్లను దిగుడు మొదలవకముందే ఒక్కొక్కటిగా తగ్గించండి. వేగంలో ఉండగా నాలుగు నుంచి ఒకటికి దూకితే మాత్రం ఇంజను పరిమితి మించి తిరిగి నిజంగానే దెబ్బతినవచ్చు.

ప్రశ్న అడిగినవారు: మరి క్లచ్ సంగతి?

జవాబు 1: దాన్ని వదిలే ముందు యాక్సిలరేటర్‌ను కాస్త నొక్కి ఇంజను వేగాన్ని పెంచితే అరుగుదల తగ్గుతుంది.