వింతలా, చింతలా? పురుషగ్రంథియా, పౌరుషగ్రంథియా?

ప్రశ్న: నిన్న మా నాన్నగారికి పొట్ట స్కానింగు చేయించాము. నాలుగు గ్లాసుల నీళ్లు తాగి, మూత్రం బిగబట్టుకొని, మోకాళ్లు దగ్గరికి చేర్చి బల్ల మీద కూర్చున్న ఆయనను చూస్తుంటే ధూర్జటి పద్యపాదం ఒకటి సగం గుర్తుకు వచ్చి, మిగతా సగం అందక వేధిస్తున్నది. ‘మేనఁ జరించనప్పుడె’కు ముందున్న మాట ‘వింతల్’ అనా, ‘చింతల్’ అనా? అది జబ్బులను గురించిన మాటేనా? పౌరుషగ్రంథి (ప్రోస్టేట్) 42 సి.సి. ఉన్నదనీ, 71 ఏళ్లకు అది వింతేమీ కాదనీ డాక్టరు గారు అన్నప్పటి నుంచి ఇదే ధ్యాస.

జవాబు 1: ప్రాసకు రెండూ సరిపోతాయి గాని యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలోని ఒక అక్షరంతో ఉండవలసిన మైత్రి, ఒప్పుకోదు. ‘వింతల్ మేనఁ జరించనప్పుడె కురుల్ వెల్వెల్లఁ గానప్పుడె’ అన్న ఆ శార్దూలపాదంలో 13వ అక్షరం ‘వెల్వెల్ల’లోని మొదటి ‘వె’. దానికి ‘విం’తో మైత్రి ఉన్నది, ‘చిం’తో లేదు. నా పేచీ అల్లా మీ ‘పౌరుషగ్రంథి’తోనే. తెలుగువాడికి పౌరుషమంటే రోషం. మూత్రాశయం కింద మూత్రనాళాన్ని చుట్టుకొని ఉండే గ్రంథికి రోషమెందుకు? ‘పురుషగ్రంథి’ చాలు.

జవాబు 2: చాలదండీ. పురుషునికి సంబంధించినది పౌరుషం. తద్ధితంలో, అంటే ఒక నామం మీద ప్రత్యయం చేరి పుట్టిన మాటలో, మొదటి అచ్చు ఉకారానికి వృద్ధి వచ్చి ఔకారమైంది. ఆ, ఐ, ఔలకు వృద్ధి అని పేరు పెట్టడంతోనే పాణిని తన సూత్రాలు మొదలుపెట్టాడు. అంటే పురుషగ్రంథికి వృద్ధి వస్తే పౌరుషగ్రంథి. వృద్ధి అంటే పెరుగుదల గనుక జబ్బు పేరు వ్యాకరణంలోనే ఉన్నది! వృద్ధుడు, వృద్ధి ఒకే ధాతువు నుంచి వచ్చాయన్నది సరే, చేతులు పైకెత్తి నిలుచున్న మనిషి ఎత్తును కూడా అమరకోశమనే సంస్కృత నిఘంటువు పౌరుషమనే అన్నది. కొలత చెప్పకుండా ఈ గ్రంథి మాట ఎవరెత్తుతారు?

జవాబు 3: కొలత మాట వచ్చింది కనుక, స్కానింగు గదిలో పనిచేసేవాడిగా నాలుగు మాటలు. పొడవు 4.8, వెడల్పు 4.2, మందం 4.0 సెంటీమీటర్లు వస్తే మూడింటినీ గుణించి, 0.52తో హెచ్చవేస్తే మీ 42 వస్తుంది. వయసులో ఉన్నవారికి 20, 25 దగ్గర ఉంటుంది. యాభయ్యో పడిలో సుమారు సగం మందిలో, ఎనభై దాటినవారిలో చాలామందిలో కణజాలంలో ఈ పెరుగుదల కనబడుతుంది. ఇక్కడ కణాలు లెక్కలో పెరుగుతాయి గనుక ఇళ్లలో అనే ‘వాపు’ కంటే రెండో జవాబు రాసిన మాస్టారి ‘వృద్ధి’యే నాకు నచ్చింది. అయితే సైజును బట్టి బాధ ఉండదు: 60 సి.సి. ఉన్నవారు హాయిగా నిద్రపోవచ్చు, 30 ఉన్నవారు రాత్రికి నాలుగుసార్లు లేవవచ్చు. మూత్రం పోసి వచ్చాక లోపల ఎంత మిగిలిందో రిపోర్టులో చూడండి.

జవాబు 4: గ్రీకులో ప్రోస్టేట్ అంటే ముందు నిలిచేవాడని అర్థం. పు, పౌ తగవు మాని ‘ద్వారపాలక గ్రంథి’ అందామా?

జవాబు 1: తలుపు తీయనివాడు ద్వారపాలకుడెట్లా అవుతాడు?

ప్రశ్న అడిగినవారు: మిగిలినది 30 మి.లీ. అని రాశారు, పరవాలేదన్నారు. నాన్నగారికి ఈ చర్చ చదివి వినిపిస్తే పౌరుషగ్రంథికే ఓటు వేశారు. ‘వింతల్’ అంటే జబ్బులా, ముడతలా అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు.